గజ్జలో నొప్పి, ఫారంలో ఒక టిక్కు: ఓ రన్నర్ తుంటి కేసు

పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పరుగు అలవాటున్నవాళ్లు మా దగ్గరికి ఎక్కువగా మోకాలి నొప్పితో వస్తారు. ఆ తర్వాత పిక్కలు, మడమలు. తుంటి నొప్పితో వచ్చేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో నేను మొదటి రోజు పొరబడ్డ కేసు ఒకటుంది. అసలు సంగతి రెండు వారాలు ఆలస్యంగా బయటపడింది. ఆ రెండు వారాల్లో నేనేం ఆలోచించాను, ఏం అడగలేదు అన్నది నాలాంటి వాళ్లకూ పరుగెత్తే ఆడపిల్లలకూ పనికొస్తుందని రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఉద్యోగం, ఇల్లు లాంటి వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెకు 26 ఏళ్లు. మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయి. తెల్లవారి నాలుగూ ముప్పావుకి అలారం. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. బరువు తగ్గాలని అంతకుముందు నవంబరు నుంచే డైటింగ్ మొదలుపెట్టింది, జనవరిలో స్నేహితురాలితో కలిసి పరుగు. మార్చికల్లా ఆగకుండా ఐదు కిలోమీటర్లు, మే కల్లా పది. ఆ ఉత్సాహంలో ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21.1 కిలోమీటర్లకి పేరిచ్చేసింది.

మన ఊరి మారథాన్ సంగతి పరుగెత్తేవాళ్లకి తెలిసిందే. దారంతా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు, పైన ఆగస్టు ఉక్కపోత. అందుకని గ్రూపుల్లో అందరూ ఫ్లైఓవర్ల మీద ఎక్కిదిగే ప్రాక్టీస్ చేస్తారు. ఎండాకాలంలో దూరం తగ్గించినవాళ్లు జూన్‌లో నాలుగు చినుకులు పడి గాలి చల్లబడగానే ఒక్కసారిగా పెంచేస్తారు. రేసుకి ఇంకా పది వారాలే ఉందన్న తొందర ఒకటి. ఏటా జూలైలో మా క్లినిక్‌కి వచ్చే రన్నర్లలో చాలామంది కథ ఇదే. ఈమె కూడా మూడు వారాల్లో వారానికి 22 కిలోమీటర్ల నుంచి 38కి వెళ్లింది. ఆమె వేగంలో కిలోమీటరుకి ఒక్కో కాలు దాదాపు 600 సార్లు నేల మీద పడుతుంది. వారానికి 13 వేల దెబ్బలకు అలవాటుపడ్డ తుంటికి మూడు వారాల్లో 23 వేలు అయ్యాయన్నమాట.

జూన్ చివరి వారంలో కుడి గజ్జ లోపల పట్టేసినట్టు మొదలైంది. మొదట ఆరో కిలోమీటరు దగ్గర, తర్వాత నాలుగు, తర్వాత రెండు. ఆమె చేసినవి అందరూ చేసేవే. స్ప్రే కొట్టింది, ఫోమ్ రోలర్ మీద దొర్లింది. ఫోన్‌లో చూసి తుంటిని సాగదీసే ఆసనాలు వేసింది, అవి వేసిన రోజు నొప్పి ఇంకా పెరిగింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రలు రాశారు. మా దగ్గరికి వచ్చింది జూలై మధ్యలో, వాళ్లమ్మ గారితో కలిసి.

మొదటి రోజు

"ఎక్కడమ్మా నొప్పి?" అన్నాను. వేలు పెట్టి చూపించలేదు. బొటనవేలు వెనక్కి, మిగతా నాలుగు వేళ్లు ముందుకి పెట్టి తుంటి పక్కభాగాన్ని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఇక్కడ మేడం, లోపలెక్కడో."

చెయ్యి అలా ఇంగ్లిష్ సి అక్షరంలా పెట్టడం మా వృత్తిలో చాలా పాత గుర్తు. కండరం నొప్పి ఉన్నవాళ్లు సాధారణంగా ఒక్క వేలితో చోటు చూపించగలరు. కీలు లోపలి నొప్పి, ఎముక నొప్పి అలా దొరకవు. ఆ గుర్తుని నేను నోట్స్‌లో రాసుకున్నాను కూడా. రాసుకుని, దానికి ఇవ్వాల్సినంత బరువు ఇవ్వలేదు.

పరీక్షలో కనిపించినవి ఇవి. నడకలో తేడా లేదు. గజ్జలో, తొడ లోపలి కండరాల మీద, తుంటి పక్క ఎముక మీద ఎక్కడ నొక్కినా నొప్పి లేదు. మోకాలిని ఛాతీ వైపు మడిచి పాదాన్ని బయటికి తిప్పితే, అంటే తుంటిని లోపలికి తిప్పితే, గజ్జలో చురుక్కుమంది. తొడని పైకి లేపమని నేను కిందికి అదిమితే కొంచెం నొప్పి, కొంచెం బలహీనత. వెన్నెముక పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఆరోజు నా మనసులో ఉన్న అనుమానాలు నాలుగు. ఒకటి, తొడని పైకి లేపే కండరం అలసిపోయి బెణకడం. ఎత్తులెక్కే ప్రాక్టీస్ పెరిగింది కాబట్టి అది సరిగ్గా అతుకుతుంది. రెండు, తుంటి కీలులో తొడ ఎముక కొసన ఉండే బంతీ, అది కూర్చునే గిన్నె అంచూ ఒరుసుకోవడం. లోపలికి తిప్పితే నొప్పి దానికీ వస్తుంది, కానీ ఆ ఒక్క పరీక్షతో దాన్ని తేల్చలేం. నొప్పి లేనివాళ్లలో కూడా ఎముక ఆకారం అలా ఉంటుంది కాబట్టే, లక్షణాలు, పరీక్ష, స్కాన్ మూడూ కలిస్తేనే ఆ పేరు పెట్టాలని 2016లో నిపుణులు ఒక ఒప్పందానికి వచ్చారు. మూడు, ఏవీఎన్, అంటే రక్తం అందక తుంటి బంతి దెబ్బతినడం. కోవిడ్ తర్వాత మన దగ్గర కుర్రవాళ్లు తుంటి నొప్పి అనగానే దీని గురించే భయపడుతున్నారు. ఆమె స్టెరాయిడ్లు వాడలేదు, కోవిడ్‌లో ఆసుపత్రిలో చేరలేదు. నాలుగు, ఎముకలో ఒత్తిడి పగులు, స్ట్రెస్ ఫ్రాక్చర్.

నాలుగోదాన్ని పక్కన పెట్టడానికి నాకు రెండు కారణాలు దొరికాయి. ఎక్స్‌రే బాగుంది. ఫారంలో నెలసరి సక్రమంగా వస్తోందా అన్న ప్రశ్నకి అవును అని టిక్కు ఉంది. వాటి మీద అంత నమ్మకం పెట్టుకుని ఉండకూడదు. ఎముకలో వెంట్రుకవాసి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించదు, ఒక్కోసారి ఎప్పటికీ కనిపించదు. ఇది నాకు తెలియని విషయం కాదు. అయినా 'నార్మల్' అని అచ్చువేసిన కాగితం చేతిలో ఉంటే మనసు కుదుటపడిపోతుంది. టిక్కు సంగతి తర్వాత చెప్తాను.

కండరం బెణుకు అని రాసి, ఒరుసుకోవడం ఉండొచ్చు అని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

చేసిన వైద్యం, అది పనిచేయని తీరు

పరుగు సగానికి తగ్గించమన్నాను, ఎత్తులు పూర్తిగా మానమన్నాను. సాగదీసే ఆసనాలు ఆపించాను. కదలిక లేకుండా కండరాన్ని బిగబట్టే వ్యాయామాలు రోజుకి రెండు పూటలా ఇచ్చాను. నొప్పి పదికి మూడు దాటితే పరుగు ఆపేయాలన్నది షరతు.

మొదటి వారం నొప్పి తగ్గింది. నా అంచనా నిజమైందనుకుని సంతోషించాను. ఇప్పుడు చూస్తే అది ఏ అనుమానాన్నీ తేల్చే సంగతి కాదు. దూరం సగం చేస్తే కండరమూ నెమ్మదిస్తుంది, ఎముకా నెమ్మదిస్తుంది. వైద్యానికి తగ్గిందో, విశ్రాంతికి తగ్గిందో విడదీసి చూడాలి. నేను చూడలేదు.

రెండో వారం ఆదివారం ఆమె గ్రూపుతో కలిసి నెక్లెస్ రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తింది. బయల్దేరే ముందు నొప్పి మాత్ర వేసుకుంది. ఆరు దాటాక నొప్పి మొదలైనా, అందరూ వెళ్తున్నారని ఆగలేదు. రెండు రోజుల తర్వాత క్లినిక్‌కి వచ్చింది. ఈసారి ఒక్కతే. గుమ్మం నుంచి నా కుర్చీ దాకా ఏడెనిమిది అడుగులు ఉంటాయేమో. కుడి పాదం నేల మీద పెట్టీ పెట్టగానే ఎత్తేస్తోంది. ఆ అడుగులు చూస్తుండగానే కండరం అన్న ఆలోచన నాకు పోయింది.

"రాత్రి పడుకున్నప్పుడు ఎలా ఉంటోంది?"

"పక్కకి తిరిగితే మెలకువ వచ్చేస్తోంది మేడం."

"మొన్న వచ్చినప్పుడు విశ్రాంతిలో నొప్పి లేదన్నావు కదా?"

"కూర్చుంటే లేదు మేడం. పడుకుంటే గురించి మీరు అడగలేదు."

నిజమే. 'విశ్రాంతి' అంటే ఆమెకి ఆఫీసు కుర్చీ, నాకు మంచం. ఇద్దరం వేరేవి అనుకున్నాం.

తర్వాత ఫారం తీశాను. "పీరియడ్స్ పోయినసారి ఎప్పుడు వచ్చాయి? తేదీ గుర్తుందా?"

ఫోన్ వైపు చూసింది. వేలితో వెనక్కి జరుపుతూ పోయింది. జూలై, జూన్, మే, ఏప్రిల్... "ఫిబ్రవరి 11, మేడం."

"మరి ఇక్కడ టిక్కు?"

"అమ్మ పక్కనే ఉంది కదా."

సంబంధాలు చూస్తున్న ఇంట్లో పిల్లకి ఐదు నెలలుగా నెలసరి రావడం లేదంటే అమ్మకి ఎంత టెన్షనో, ఇంట్లో ఎన్ని ప్రశ్నలో ఆ అమ్మాయికి తెలుసు. అందుకని చిన్న టిక్కు పెట్టి ఊరుకుంది. తప్పు ఆమెది అనుకోను. తల్లీకూతుళ్లని పక్కపక్కన కూర్చోబెట్టి ఆ కాగితం ఇచ్చింది మేము.

ఇలాంటప్పుడు ఒంటికాలి మీద గెంతించి చూసే పరీక్ష ఒకటుంది. నేను చేయించలేదు. తొడ ఎముక మెడ దగ్గర, అంటే తుంటి బంతినీ తొడ ఎముకనీ కలిపే సన్నటి భాగంలో, పగులు ఉందని అనుమానం వచ్చాక గెంతించడమంటే, పగుళ్లిచ్చిన కుండలో నీళ్లు పోసి చూడటమే. నొప్పి ఉందని అప్పటికే తెలుసు, కొత్తగా తెలిసేదేమీ లేదు. ఆరోజే ఎంఆర్ఐకి పంపాను. బయటికి వెళ్లేలోపే కుడి కాలి మీద బరువు వేయొద్దని చెప్పి, మా దగ్గరున్న చంక కర్రలు ఇచ్చాను.

సజ్జా కింద పగులా, పైన పగులా

రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. కుడి తొడ ఎముక మెడలో, కింది అంచున, ఎముక లోపల వాపు. మధ్యలో సన్నటి పగులు గీత. మెడ వెడల్పులో మూడో వంతు లోపే. ఏవీఎన్ లేదు, కీలు అంచుకి దెబ్బ లేదు.

'కింది అంచున' అన్న మాట దగ్గర నాకు ఊపిరి ఆడింది. ఎందుకో ఆమెకి ఇలా చెప్పాను. తొడ ఎముక మెడ, గోడలోంచి బయటికి వచ్చిన సజ్జా లాంటిది. దాని కొస మీద బరువు పడితే పై భాగం సాగుతుంది, కింది భాగం నొక్కుకుంటుంది. అందుకే మేస్త్రీలు సజ్జాలో ఇనుము పైవైపు వేస్తారు. పైన పగులు వస్తే ప్రతి బరువుకీ అది నోరు తెరుచుకుంటూ పోతుంది, సజ్జా కూలుతుంది. కింద వచ్చిన పగులు బరువు పడ్డప్పుడు మూసుకుంటుంది, సమయం ఇస్తే అతుక్కుంటుంది. తొడ ఎముకలో పైవైపు పగులైతే చాలాసార్లు వెంటనే స్క్రూలు వేస్తారు. అది కదిలి విరిగిపోతే తుంటి బంతికి రక్తం అందడమే ఆగిపోవచ్చు. అప్పుడు 26 ఏళ్లకే మార్పిడి ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది. కింది వైపు, సగం వెడల్పు లోపు అయితే బరువు తీసేసి కనిపెట్టుకుని ఉండొచ్చు.

ఎముకల డాక్టరు గారు కూడా అదే నిర్ణయించారు. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు కర్రలు, మధ్యలో నొప్పి పెరిగితే అదే రోజు రావాలి. నొప్పి మాత్రలు ఆపేయించి, మరీ అవసరమైతే పారాసిటమాల్ అన్నారు. నొప్పి తెలియకుండా చేస్తే కాలు కింద పెట్టేస్తుందన్నదే ఆయన భయం. ఎనిమిది కిలోమీటర్ల ఆదివారం తర్వాత నాకూ అదే భయం.

పగులు ఎందుకు వచ్చింది

పగులు కనిపెట్టడంతో సగం పనే అయింది. వారానికి 38 కిలోమీటర్లు ఎక్కువే కానీ, ఆ గ్రూపులో అంతే దూరం పెంచినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. అందరికీ తొడ ఎముక పగల్లేదు.

రక్త పరీక్షల్లో విటమిన్ డి 11 వచ్చింది, 20 కంటే తగ్గితే లోపం కింద లెక్క. హిమోగ్లోబిన్ 10.9. ఇనుము నిల్వలు చూపే ఫెరిటిన్ 14. ఈ రెండూ తక్కువే. గైనకాలజిస్టు దగ్గరికి పంపాం. నెలసరి ఆగడానికి మామూలుగా ఉండే కారణాలు, అంటే గర్భం, థైరాయిడ్, ప్రోలాక్టిన్ హార్మోను, పీసీఓఎస్ అన్నీ చూసి అవేవీ కావన్నారు. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో వెన్నెముక దగ్గర జెడ్ స్కోరు మైనస్ 1.4. ఈ వయసులో చూడాల్సింది తన ఈడువాళ్లతో పోల్చే జెడ్ స్కోరు. పరుగు లాంటి ఆట ఆడేవాళ్ల ఎముక మామూలువాళ్ల కంటే గట్టిగా ఉండాలి కాబట్టి, వాళ్లలో మైనస్ 1 కంటే కిందికి దిగినా తక్కువే అనుకుంటాం.

తిండి గురించి మా డైటీషియన్ అడిగింది. నిన్న ఏం తిన్నావు, మొన్న ఏం తిన్నావు అని మూడు రోజులది. తెల్లవారి ఖాళీ కడుపుతో బ్లాక్ కాఫీ, పరుగు. మొదటి ముద్ద మధ్యాహ్నం పన్నెండుకి. రాత్రి ఎనిమిది లోపు రెండు పుల్కాలు, కూర. ఆ తర్వాత పదకొండు దాకా కాల్స్ ఉన్నా ఏమీ ముట్టుకోదు, పదహారు గంటల ఉపవాసం కదా. తొమ్మిది నెలల్లో 58 కిలోల నుంచి 51కి వచ్చింది. చుట్టాలందరూ బాగా సన్నబడ్డావని మెచ్చుకున్నారట.

మూడు రోజుల సగటు 1,350 కిలో కేలరీలు. పరుగులో శరీరం కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కిలో కేలరీ ఖర్చుపెడుతుంది. ఎనిమిది కిలోమీటర్ల రోజున దాదాపు 400. మిగిలింది 950. కొవ్వు తీసేస్తే ఆమె శరీరం సుమారు 40 కిలోలు. అంటే కిలోకి 24 కూడా మిగల్లేదు. ఈ లెక్క 45 దగ్గర ఉంటే ఒళ్లు హాయిగా నడుస్తుంది. 30 కంటే కిందికి చాలాకాలం ఉంటే శరీరం ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. మొదట ఆపేవాటిలో నెలసరి ఒకటి. దాంతో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక అరుగుదల పెరుగుతుంది, కొత్త ఎముక కట్టడం వెనకబడుతుంది. రోజూ పరుగుతో పడే చిన్న చిన్న దెబ్బలకు రాత్రిళ్లు మరమ్మతు జరగాలి. ఆమెకి మరమ్మతుకి సామాను లేదు, ఐదు గంటల నిద్రలో సమయమూ లేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. ఒలింపిక్స్ అనగానే మనవాళ్లకి సంబంధం లేదనుకుంటాం. మాదాపూర్‌లో డెస్కు ముందు కూర్చుని పనిచేసే అమ్మాయికి కూడా అది అంతే వస్తుంది.

రెండో విడతలో తప్పినవి

కర్రలు ఇచ్చాను కదా, అయిపోయిందనుకున్నాను. మూడో వారం వచ్చేసరికి ఒక కర్ర ఇంట్లో వదిలేసి, మిగిలినదాన్ని కుడి చేత్తో, అంటే నొప్పి ఉన్న వైపే పట్టుకుని వచ్చింది. ఆఫీసులో రెండు కర్రలతో కాఫీ కప్పు పట్టుకోవడం కుదరట్లేదట. ఇది మన దగ్గర ప్రతి ముసలమ్మ, ప్రతి కుర్రాడు చేసే పొరపాటు. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుము పక్కకి ఒరిగిపోకుండా తుంటి పక్క కండరం గట్టిగా లాగుతుంది. ఆ లాగుడు వల్లే కీలు మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారం పడుతుంది. కర్ర ఎదుటి చేతిలో ఉంటే ఆ పని కర్ర చేసిపెడుతుంది, కండరానికి పని తగ్గుతుంది. అదే వైపు ఉంటే పెద్దగా ఉపయోగం లేదు. అయినా ఆ దశలో ఆమెకి ఒక్క కర్ర చాలదు, రెండూ ఉండాల్సిందే. భుజానికి తగిలించుకునే సంచి, మూత ఉన్న ఫ్లాస్కు కొనిపించాం. మెట్లు మళ్లీ నేర్పాను, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బాత్రూంలో తడి నేల గురించి మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. నాలుగో వారంలో ఒకసారి జారబోయి తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. అప్పుడు రబ్బరు చాప, ప్లాస్టిక్ కుర్చీ పెట్టించాం.

తిండి పట్టిక కూడా మొదటిసారి పనిచేయలేదు. ఓట్స్, పనీర్, బాదంపాలు అంటూ రోజుకి 2,200 కేలరీలకి చక్కగా టైపు చేసి ఇచ్చాం. రెండు వారాల తర్వాత బరువు అంతే ఉంది. అడిగితే ఏడ్చేసింది. పరుగు ఆగిపోయింది, ఇప్పుడు తింటే పెరిగిపోతానన్న భయం. పెంచమన్న కొద్దీ దాచిపెడుతోంది. ఇది తెలిశాక మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి కూడా పంపాం. అంతకుముందే పంపాల్సింది.

పనిచేసినవి

తిండి విషయంలో కేలరీల మాట మానేశాం. ఆమె తినేవాటినే వేళ మార్చి పెట్టాం. లేచిన అరగంటలో ఏదో ఒకటి తినాలి, అరటిపండు అయినా రెండు ఖర్జూరాలు అయినా సరే. తొమ్మిదికి టిఫిన్: ఇడ్లీ, పెసరట్టు, పక్కన గుడ్డు. మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి. సాయంత్రం పల్లీలు, నువ్వులుండ. రాత్రి కాల్స్ మధ్యలో పెరుగన్నం. ఉపవాసం ఆగిపోయింది. విటమిన్ డి వారానికి 60 వేల యూనిట్ల మోతాదులో ఎనిమిది వారాలు, ఇనుము మాత్రలు డాక్టరు గారు రాశారు.

వాళ్లమ్మ గారితో మాట్లాడటానికి ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నది కూడా ఆమెనే అడిగాను. ఆవిడ మొదటి మాట, "ఈ పరుగులు మాన్పించేయండి మేడం. పెళ్లి కావాల్సిన పిల్ల." నేను పరుగుని వెనకేసుకురాలేదు. "పరుగు మానినా తిండి ఇలాగే ఉంటే ఎముక అతకదమ్మా, నెలసరీ రాదు. ముందు అవి రెండూ చూద్దాం" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "సన్నబడ్డావని ముందు మెచ్చుకున్నది నేనే" అంది చివరికి. మర్నాటి నుంచి రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ పక్కన పెరుగన్నం గిన్నె ఆవిడే పెట్టేది. మా పట్టికలన్నిటికంటే ఆ గిన్నె ఎక్కువ పనిచేసింది.

కర్రలు సెప్టెంబరు మధ్యలో తీసేశాం. ఎనిమిదో వారం ఎంఆర్ఐలో గీత కనిపించలేదు, వాపు కొంచెం మిగిలింది. పడుకుని నడుము ఎత్తే వ్యాయామాలతో మొదలుపెట్టి, కుర్చీలోంచి లేవడం, మెట్టెక్కడం, తర్వాత బరువులెత్తడం. పన్నెండో వారానికి 30 కిలోల బార్ నేల మీద నుంచి ఎత్తేది. ఇదంతా సాఫీగా జరిగింది, ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదు.

కష్టమైన నిర్ణయం పన్నెండో వారంలో వచ్చింది. అక్టోబరు చివర. అరగంట నడిచినా నొప్పి లేదు, ఒంటికాలి మీద కూర్చుని లేచినా లేదు. వారాల లెక్క ప్రకారం పరుగు మొదలుపెట్టొచ్చు. కానీ నెలసరి ఇంకా రాలేదు. ఎముక అతికింది సరే, ఎముకని పాడుచేసిన కారణం అలాగే ఉంటే మళ్లీ దెబ్బలు మొదలుపెట్టడం న్యాయమా? ఇందులో ఖచ్చితమైన నియమం లేదు, డాక్టర్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. నేను ఆగుదామన్నాను. ఆమెకి కోపం వచ్చింది, రెండు అపాయింట్‌మెంట్లకి రాలేదు. నవంబరు మూడో వారంలో రాత్రి మెసేజ్ పెట్టింది: "వచ్చాయి మేడం." అప్పటికి బరువు 54.

నవంబరు చివర్లో ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, ఆరుసార్లు. రోజు విడిచి రోజు. చోటు గురించి కూడా ఆలోచించాం. ఆమెకి కేబీఆర్ పార్కు చుట్టూ తిరగడం ఇష్టం. అక్కడ సగం దూరంలో నొప్పి వస్తే మిగతా సగం నడిచే రావాలి, పైగా ఎత్తుపల్లాలు. అందుకని ఇంటి దగ్గర చదునైన చిన్న మైదానం ఎంచుకున్నాం. అక్కడైతే ఎప్పుడంటే అప్పుడు ఆగిపోవచ్చు. అడుగుల వేగం నిమిషానికి 158 నుంచి 166కి పెంచాం. అదే పరుగుకి చిన్న అడుగులు ఎక్కువ వేస్తే తుంటి మీద పడే దెబ్బ తగ్గుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ టిక్కుటిక్కుమంటుంటే మొదట నవ్వొచ్చిందట, రెండు వారాల్లో అలవాటైంది.

మూడో వారంలో తొడ ముందు నొప్పి అని భయపడుతూ ఫోన్ చేసింది. ఈసారి వరసగా అడిగాను. వేలితో చూపించగలవా? చూపించగలను. నొక్కితే నొప్పా? అవును. పరుగెత్తే కొద్దీ పెరుగుతోందా, తగ్గుతోందా? మొదట ఉండి తగ్గుతోంది. రాత్రి పక్కకి తిరిగితే? ఏమీ లేదు. కండరమే, రెండు రోజులు ఆగమన్నాను. తగ్గిపోయింది.

ఇప్పుడు చేస్తున్న మార్పులు

మా ఫారంలో 'నెలసరి సక్రమంగా వస్తోందా' అన్న ప్రశ్న తీసేశాం. 'పోయినసారి మొదటి రోజు ఏ తేదీ' అని అడుగుతున్నాం. దానికి టిక్కు పెట్టడం కుదరదు. ఆ పేజీ పరీక్ష గదిలో ఒంటరిగా ఉన్నప్పుడే ఇస్తాం, ఎంత పెద్దవాళ్లు వెంట వచ్చినా. మగ రన్నర్లని కూడా బరువు ఎంత తగ్గారు, రాత్రి ఎన్నింటికి తింటారు అని అడుగుతున్నాం, తిండి చాలకపోతే వాళ్ల ఎముకలూ దెబ్బతింటాయి.

'విశ్రాంతిలో నొప్పి ఉందా' అని అడగడం మానేశాను. మంచంలో పక్కకి తిరిగితే ఎలా ఉంది, మర్నాడు పొద్దున మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయి అని అడుగుతున్నాను. గజ్జ లోపల నొప్పి ఉండి, ఏ కండరం నొక్కినా దొరకకపోతే, దూరం పెరిగే కొద్దీ నొప్పి ముందే వస్తుంటే, ఎక్స్‌రే ఎంత బాగున్నా ఎంఆర్ఐ వచ్చేదాకా అది ఎముకే అనుకుని పరుగు ఆపించేస్తున్నాను. ఇలా పంపినవాళ్లలో కొందరికి ఏమీ లేదని వస్తుంది, ఖర్చు దండగైందని బాధపడతారు. ఎంఆర్ఐ చిన్న ఖర్చు కాదు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఈ ఒక్క చోట ఆ ఖర్చు పెట్టించడానికి నేను వెనకాడను.

ఆ తర్వాతి ఆగస్టులో ఆమె మారథాన్ రోజున పది కిలోమీటర్ల విభాగంలో పరుగెత్తింది. నొప్పి లేదు. వారానికి 24 కిలోమీటర్లు, రెండు రోజులు బరువులు. నెలసరి తేదీలు నాకు చెప్పక్కర్లేదన్నా మెసేజ్ పెడుతూనే ఉంది. ఈ నవంబరులో మళ్లీ డెక్సా తీయించాలి. హాఫ్ గురించి ఆ రిపోర్టు చూశాకే మాట్లాడుకుందామని ఇద్దరం అనుకున్నాం.